జమ్మికాయల కూర: కేర్ సాంగ్రీ వండే పద్ధతి

తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి. రాజస్థాన్‌కూ అదే, 1983 నుంచి. దసరానాడు బంగారమని ఆకు పంచుకునే ఈ చెట్టును అక్కడ ఖేజ్డీ అంటారు. దాని లేతకాయల్ని ఉడికించి ఎండబెడితే సాంగ్రీ. ఆకులు దాదాపు కనిపించని ముళ్లపొదకు కాసే గుండ్రటి కాయలు కేర్. జమ్మి వేళ్లు చాలా లోతుకు దిగుతాయి కాబట్టి థార్ ఎడారిలో ఎండలు ముదిరి కూరగాయలు దొరకని రోజుల్లోనూ కాయ కాస్తుంది. ఎండబెట్టి దాచుకుంటే ఏడాది పొడవునా కూరకు లోటుండదు.

కొనేటప్పుడు సాంగ్రీ సన్నగా, గింజ ఉబ్బకుండా ఉండాలి. ముదురుకాయ ఎంత ఉడికించినా పీచుగానే ఉంటుంది. కేర్ శనగగింజంత ఉంటే మేలురకం. పెద్దవాటిలో గింజ గట్టిగా తగులుతుంది. మన ఊళ్లలో సర్కారు తుమ్మ కాయల్ని చూసి ఇవే అనుకోవద్దు, ఆ చెట్టు వేరు.

నలుగురికి ఎండు సాంగ్రీ 100 గ్రాములు, ఎండు కేర్ 30 గ్రాములు చాలు. తొడిమలు తీసేసి, నాలుగైదు నీళ్లు మార్చి కడగాలి. ఇసుక మిగిలితే కూరంతా కరకరలాడుతుంది. సాంగ్రీని మంచినీళ్లలో, కేర్‌ను పుల్లమజ్జిగలో విడివిడిగా రాత్రంతా నానబెట్టాలి. కేర్‌కు పుట్టుకతోనే చేదు, ఘాటు ఉంటాయి, మజ్జిగ వాటిని లాగేస్తుంది. ఈ పని తొందరపడి ఎగ్గొడితే తర్వాత ఏ మసాలా కాపాడదు.

పొద్దున మళ్లీ కడిగి, చిటికెడు పసుపు, ఉప్పు వేసి కుక్కర్లో రెండు కూతలు రానివ్వాలి. కాయను వేళ్లతో నొక్కితే మెత్తగా అణగాలి, చిదిమిపోకూడదు. తర్వాత జల్లెడలో అరగంట వదిలెయ్యండి. తడి మిగిలితే కూర త్వరగా పాడవుతుంది.

ఆవనూనె 100 మిల్లీలీటర్లు పొగ వచ్చేదాకా కాచి, మంట ఆపి కొంచెం చల్లార్చాలి. మళ్లీ సన్నసెగ పెట్టి చెంచా జీలకర్ర, అరచెంచా వాము, ఇంగువ, నాలుగు ఎండుమిర్చి వెయ్యాలి. రెండు చెంచాల ధనియాల పొడి, అరచెంచా పసుపు, చెంచాన్నర కారం ముందే కొద్ది నీళ్లలో కలిపి ఉంచుకుని అప్పుడు పొయ్యాలి. పొడులు నేరుగా వేడినూనెలో పడితే మాడి కూర నల్లబడుతుంది. అక్కడ వాడేది జోధ్‌పూర్ దగ్గరి మఠానియా మిర్చి, మంచి రంగునిస్తుంది. గుంటూరు కారమైతే సగానికి తగ్గించండి. నూనె తేలాక సాంగ్రీ, కేర్, గుప్పెడు ఎండుద్రాక్ష, ఉప్పు వేసి పది నిమిషాలు సన్నసెగన మగ్గనిచ్చి, చివర్లో చెంచా ఆమ్‌చూర్ (ఎండు మామిడికాయ పొడి) చల్లాలి.

నూనె ఎక్కువనిపిస్తుంది, కానీ తగ్గించకండి. నీటిచుక్క లేకపోవడం, నూనె, పులుపు కలిసే దీన్ని నిలవ ఉంచుతాయి. అందుకే ఉల్లిపాయ, పెరుగు వెయ్యరు. పొడి ఎడారిగాలిలో బయట రెండు మూడు రోజులు బాగుంటుంది. మన కోస్తా ఉక్కపోతలో ఆ ధైర్యం వద్దు, ఫ్రిజ్‌లో పెట్టండి. కుమటియా గింజలు, ఎండబెట్టిన గూందా కాయలు వంటివి కలిపి అయిదు రకాలతో చేస్తే పంచ్‌కూటా. హోలీ తర్వాత వచ్చే శీతలాష్టమినాడు పొయ్యి వెలిగించరు, ముందురోజు వండిందే తింటారు. ఆ పండుగకు ఇంతకన్నా తగిన వంట నాకు తోచదు.

ఈ చెట్టు విలువ అక్కడి పల్లెలకు బాగా తెలుసు. కరువుల్లో బెరడు పొడిచేసి తిన్నారు. ఆకు మేకలకు, ఒంటెలకు మేత. 1730లో జోధ్‌పూర్ రాజభటులు సున్నపుబట్టీ కట్టెల కోసం ఖేజడ్లీ గ్రామానికి వస్తే, అమృతాదేవి మొదలుకుని చెట్లను కాపాడటం వ్రతంగా పెట్టుకున్న బిష్ణోయీ శాఖవాళ్లు 363 మంది వాటిని కౌగిలించుకుని ప్రాణాలిచ్చారు.

వేడివేడి సజ్జరొట్టెతో వడ్డించండి. వండిన రోజుకంటే మర్నాడే రుచి, పులుపు కాయలోకి దిగుతుంది.