పాత సైన్స్ సాఫ్ట్‌వేర్, కొత్త కంపైలర్: బిల్డ్ ఆగిపోతే ఏం చేయాలి?

వాతావరణ పరిశోధనలో వాడే డబ్ల్యూఆర్ఎఫ్ మోడల్‌ని ఉబుంటు 22.04 (లినక్స్) మీద మొదటిసారి కంపైల్ చేయడానికి (సోర్స్ కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడానికి) నాకు రెండు రోజులు పట్టింది. అందులో ఒకటిన్నర రోజు సంబంధం లేని ఎర్రర్‌తో కుస్తీ పట్టడానికే సరిపోయింది. మీకు ఆ టెన్షన్ వద్దు.

1. మొదటి ఎర్రర్‌ని పట్టుకోండి

అవుట్‌పుట్ మొత్తాన్ని ఒక లాగ్ ఫైల్‌లోకి మళ్లించి, "ఎర్రర్" అన్న మాట మొట్టమొదట ఎక్కడ వచ్చిందో వెతకండి. డబ్ల్యూఆర్ఎఫ్ బిల్డ్ ఒక ఫైల్ దగ్గర దెబ్బతిన్నా ఆగదు, మిగతావి కంపైల్ చేసుకుంటూ పోతుంది. చివర్లో "ఫలానా మాడ్యూల్ ఫైల్ లేదు" అని గోల పెడుతుంది. నేను మోసపోయింది అక్కడే. ఆ మాడ్యూల్ ఎందుకు తయారు కాలేదో చాలా పైన ఉంటుంది.

లైబ్రరీలు కట్టేటప్పుడు, కంపైల్‌కి ముందు సిస్టమ్‌ని పరీక్షించే కన్ఫిగర్ దశలోనే ఆగితే కన్ఫిగ్ డాట్ లాగ్ తెరవండి. అది ఏ చిన్న ప్రోగ్రామ్‌ని పరీక్షించిందో, కంపైలర్ ఏమని తిట్టిందో రెండూ అందులో దొరుకుతాయి.

2. కంపైలర్ వెర్షన్ చూడండి

జీసీసీ (సి కంపైలర్), జీఫోర్ట్రాన్ (ఫోర్ట్రాన్ కంపైలర్) రెండింటి వెర్షన్లూ చూడండి, అవి ఒకటే కావాలి. నిన్నటిదాకా నడిచిన కోడ్ ఇవాళ నడవకపోతే చాలాసార్లు కోడ్ చెడిపోయి కాదు, కంపైలర్ కఠినంగా మారి.

2020లో వచ్చిన జీసీసీ 10 ఇందుకు మంచి ఉదాహరణ. పాత ఫోర్ట్రాన్ కోడ్‌లో ఒకే సబ్‌రొటీన్‌ని ఒకచోట రియల్ అర్రేతో, ఇంకోచోట ఇంటిజర్ అర్రేతో పిలవడం మామూలే. ఎంపీఐ (ఒకే పని పంచుకునే ప్రాసెస్‌ల మధ్య సమాచారం పంపే పద్ధతి) కాల్స్ నిండా ఇదే. పదో వెర్షన్ నుంచి జీఫోర్ట్రాన్ దీన్ని "టైప్ మిస్‌మ్యాచ్" అంటూ నేరుగా ఎర్రర్‌గా చూపిస్తోంది. ఎంపీఐని అందించే ఎంపీఐసీహెచ్ లైబ్రరీ పాత వెర్షన్ 3.3 అయితే కన్ఫిగర్‌లోనే చేతులెత్తేస్తుంది.

3. సరిపోయే ఫ్లాగ్ (కంపైలర్‌కి ఇచ్చే ఆప్షన్) ఇవ్వండి

పై సమస్యకు "హైఫన్ ఎఫ్‌అలో హైఫన్ ఆర్గ్యుమెంట్ హైఫన్ మిస్‌మ్యాచ్" అనే ఫ్లాగ్‌ని ఎఫ్ఎఫ్‌లాగ్స్, ఎఫ్‌సీఫ్లాగ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ రెండింటిలోనూ పెట్టి, కన్ఫిగర్ మళ్లీ మొదటినుంచి నడపండి. ఒకదాంట్లో పెట్టి రెండోది మర్చిపోవడం అందరూ చేసే పనే.

సి కోడ్‌లో లింక్ చేసేటప్పుడు "మల్టిపుల్ డెఫినిషన్" అని వస్తే "హైఫన్ ఎఫ్‌కామన్" పెట్టి చూడండి. ఇదీ జీసీసీ 10 తెచ్చిన మార్పే. 2024లో వచ్చిన జీసీసీ 14, డిక్లేర్ చేయని ఫంక్షన్‌ని పిలిస్తే ఎర్రర్ ఇస్తుంది. "హైఫన్ ఎఫ్‌పర్మిసివ్" నోరు మూయిస్తుంది గానీ, నేనైతే అక్కడ కావలసిన హెడర్ ఫైల్‌ని ఇన్‌క్లూడ్ చేస్తాను. పాయింటర్ ఇచ్చే ఫంక్షన్‌ని కంపైలర్ ఇంట్ అనుకుంటే, 64 బిట్ మెషీన్‌లో సగం అడ్రస్ ఎగిరిపోయి ప్రోగ్రామ్ నడుస్తుండగా కూలుతుంది. జీసీసీ 15 ఏమీ చెప్పకపోతే సి23 ప్రమాణం పాటిస్తుంది. పాత కోడ్‌కి "హైఫన్ ఎస్‌టీడీ ఈక్వల్స్ జీఎన్‌యూ17" అని చెప్పాలి.

4. ఫ్లాగ్‌తో లొంగకపోతే పాత కంపైలర్

ఉబుంటు 22.04లో జీసీసీ 9, జీఫోర్ట్రాన్ 9 ప్యాకేజీలు దొరుకుతాయి. సిస్టమ్ మొత్తాన్నీ వెనక్కి మార్చకండి. ఆ ఒక్క టెర్మినల్‌లో సీసీ, సీఎక్స్ఎక్స్, ఎఫ్‌సీ వేరియబుల్స్‌ని వాటికి మార్చండి చాలు. ఎంపీఐ రాపర్ (ఎంపీఐ సెట్టింగ్స్‌తో కంపైలర్‌ని పిలిచే కమాండ్) వెనక అసలు ఏ కంపైలర్ ఉందో కూడా చూసుకోండి: ఎంపీఐసీహెచ్‌లో "షో", ఓపెన్ ఎంపీఐలో "షోమీ" ఆప్షన్ చెబుతుంది. కోండా (ప్యాకేజీ మేనేజర్) ఎన్విరాన్‌మెంట్ ఆన్‌లో ఉంటే ఆపేయండి, అది తన లైబ్రరీలను మధ్యలో దూరుస్తుంది.

నెట్‌సీడీఎఫ్ (డేటా ఫైళ్ల లైబ్రరీ), ఎంపీఐ, మోడల్ అన్నీ ఒకే కంపైలర్‌తో కట్టాలి. ఇంటెల్ కంపైలర్ రాసిన మాడ్యూల్ ఫైల్‌ని జీఫోర్ట్రాన్ చదవలేదు. జీఫోర్ట్రాన్‌లోనే కొన్ని వెర్షన్లకు ఆ ఫార్మాట్ మారింది.

కంపైలర్ మార్చాక సీమేక్ (బిల్డ్‌ని సిద్ధం చేసే టూల్) వాడే ప్రాజెక్టులో బిల్డ్ ఫోల్డర్‌ని పూర్తిగా తీసేయండి. పాత కంపైలర్ పేరు దాని క్యాష్‌లో ఉండిపోతుంది, "మేక్ క్లీన్"తో పోదు.

ఇవేవీ కాకుండా ఒట్టి "కిల్డ్" అని వచ్చిందా? చాలావరకు ర్యామ్ చాలలేదన్నమాట. మేక్‌కి ఇచ్చిన జె సంఖ్యని (ఒకేసారి ఎన్ని పనులు నడపాలో చెప్పేది) 8 నుంచి 2కి దించి మళ్లీ నడపండి.