స్కోరు చదివేముందు బార్లు లెక్కపెట్టండి

ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్, స్కోరును (అన్ని వాద్యాల స్వరాలూ ఒకదాని కింద ఒకటి వరుసలుగా రాసి ఉండే ప్రతిని) మొదటి పేజీ నుంచి స్వరం స్వరం చదువుకుంటూ పోతే, సగానికి వచ్చేసరికి ముందు ఏముందో గుర్తుండదు. రిహార్సల్ టెన్షన్ మాత్రం మిగులుతుంది.

నాకు బాగా పనికొచ్చిన పద్ధతి చెప్తాను. మొదటిసారి స్వరాల జోలికి వెళ్లకండి. సంగీత వాక్యం ముగిసిన ప్రతిచోటా పెన్సిల్‌తో పై వరుస నుంచి కింది వరుస దాకా నిలువు గీత గీసి, ఆ ముక్కలో ఎన్ని బార్లు (కొన్ని బీట్లు కలిసిన చిన్న గడులు) ఉన్నాయో అడుగున రాయండి: 4, 4, 6, ఇలా. 4, 4 అని సాగుతున్న చోట ఉన్నట్టుండి 5 కనిపిస్తే, వాయించేవాళ్లు తడబడే అవకాశం అక్కడ ఎక్కువ. మీ చెయ్యి కూడా అక్కడే తడబడొచ్చు. ఆ చోటు ముందే తెలిస్తే ఎంత ధైర్యమో!

రెండోసారి, ప్రతి గీత దగ్గరా కొత్తగా ఎవరు అందుకుంటున్నారో పొట్టిగా రాసుకోండి. చాలా బార్లు ఖాళీగా కూర్చున్నవాళ్లకే సైగ ఎక్కువ అవసరం, కాబట్టి ముందు వాళ్లవి.

తర్వాత చేత్తో బీట్ వేస్తూ ఒక్కో వరుసా పాడుకోండి. కొన్ని వాద్యాలకు రాసిన స్వరం ఒకటి, వినిపించేది ఇంకొకటి: బి ఫ్లాట్ క్లారినెట్‌కి సి అని రాసి ఉంటే వినిపించేది బి ఫ్లాట్, ఎఫ్ హార్న్‌కైతే ఆ సి కింది ఎఫ్. పాడేటప్పుడు ఇది మర్చిపోవద్దు.

ఒకే బాణీని ఒకరి వెనక ఒకరు అందుకుంటూ సాగే ఫ్యూగ్ లాంటి రచనల్లో మాత్రం నిలువు గీత పనిచేయదు. ఒకరి వాక్యం ముగియకముందే ఇంకొకరు మొదలుపెడతారు. అక్కడ ఏ వరుస గీతలు ఆ వరుసకే విడిగా గీసుకోండి.