మైళ్లతో పార్ట్‌నర్ టికెట్లు, 5వ పాఠం: కనబడిన సీటు వేరు, దొరికే సీటు వేరు

పోయిన పాఠం చివర్లో "సీటు కనబడగానే పాయింట్లు మార్చుకుని బుక్ చేసేయండి" అని ఒక్క ముక్క రాసి చేతులు దులిపేసుకున్నాను. ఆ ముక్కే కొందరి కొంప ముంచింది. బ్యాంకు కార్డు పాయింట్లను మైళ్లుగా, అంటే టికెట్లకు వాడుకునే విమాన సంస్థ పాయింట్లుగా, మార్చేశారు, తీరా చూస్తే సీటు లేదు, మార్చిన పాయింట్లేమో వెనక్కి రావు. తప్పు నాదే. ఎక్కడ కనబడాలో చెప్పకుండా "కనబడగానే" అని రాస్తే ఎవరైనా అదే చేస్తారు. ఈసారి పాఠం స్టాపోవర్ల (దారి మధ్యలో ఒక ఊళ్లో రోజుకు మించి ఆగడం) మీద రాద్దామనుకున్నాను, దాన్ని చివర్లో కాస్త తాకి వదిలేస్తాను, ముందు ఈ గోల తేలాలి.

స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్ అనే విమాన సంస్థల కూటములేమిటో, ఖాతా ఎలా తెరవాలో మళ్లీ చెప్పను. ఒక్కటి మాత్రం గుర్తు చేస్తాను. పార్ట్‌నర్ అంటే ఒకరి మైళ్లతో ఇంకొకరి విమానం ఎక్కనిచ్చే ఒప్పందం ఉన్న సంస్థ, ఒకే కూటమిలో ఉన్నవాళ్లే కానక్కర్లేదు. వర్జిన్ అట్లాంటిక్ ఉన్నది స్కైటీమ్‌లో, జపాన్ వాళ్ల ఏఎన్ఏ ఉన్నది స్టార్‌లో, అయినా వర్జిన్ పాయింట్లతో ఏఎన్ఏ విమానం ఎక్కొచ్చు. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు, అయినా ఎయిర్ కెనడా మైళ్ల పథకమైన ఏరోప్లాన్ పాయింట్లతో దొరుకుతుంది. కూటమిలో ఉన్నవాళ్లు ఎప్పటికీ ఉంటారనీ లేదు. 1997లో స్టార్‌ను మొదలుపెట్టిన ఐదు సంస్థల్లో స్కాండినేవియా వాళ్ల ఎస్ఏఎస్ ఒకటి, అది 2024 సెప్టెంబరు 1న స్కైటీమ్‌లోకి వెళ్లిపోయింది. అందుకే పాత చిట్కా ఏదైనా దొరికితే ముందు దాని తేదీ చూడండి.

ఇక అసలు సంగతి, మొదటి దెబ్బ. విమాన సంస్థ మైళ్లకు ఇచ్చే సీట్లు ఒకే కుప్పలో ఉండవు. సొంత సభ్యులకు ఒక కుప్ప, పార్ట్‌నర్లకు ఇంకో కుప్ప, ఈ రెండోది దాదాపు ఎప్పుడూ చిన్నది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ సంగతి తెలిసిందే, దూరపు విమానాల్లో బిజినెస్, ఫస్ట్ సీట్లను చాలావరకు తన మైళ్ల పథకం క్రిస్‌ఫ్లయర్ సభ్యులకే అట్టిపెట్టుకుంటుంది. మీరు సింగపూర్ సైట్‌లో బిజినెస్ సీటు చూసి, సంబరపడి, పాయింట్లను ఇంకో స్టార్ సంస్థకు పంపితే అక్కడ ఖాళీ తెర చూస్తూ కూర్చోవాలి. డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో తమ విమానాలకు మైళ్ల చార్టులు (ఏ దారికి ఎన్ని మైళ్లో చెప్పే స్థిర పట్టికలు) తీసేశాయి. ఇప్పుడు వాళ్ల సైట్‌లో ప్రతి సీటుకూ ఏదో ఒక రేటు కనబడుతుంది, లక్షన్నర మైళ్లయినా సరే. అంతంత రేటు పలికే సీటు పార్ట్‌నర్‌కు ఇవ్వరు. మామూలుకన్నా రేటు ఎక్కువగా ఉందంటే ఆ సీటు బయటివాళ్లకు లేదనే అనుకోండి. స్టార్ సంస్థల్లో పార్ట్‌నర్లకు తెరిచే సీట్లకు అక్షరాలుంటాయి: ఎకానమీకి ఎక్స్, బిజినెస్‌కు ఐ, ఫస్ట్‌కు ఓ. ఫోన్‌లో "ఈ విమానంలో ఐ క్లాసు రెండు సీట్లు ఉన్నాయా" అని అడిగితే అవతలివాళ్లు వెంటనే దారిలోకి వస్తారు, "బిజినెస్‌లో ఫ్రీ సీటు ఉందా" అంటే పది నిమిషాలు సంగీతం వినిపిస్తారు.

రెండో రకం దెబ్బ దెయ్యం సీటు. పేరు నేను పెట్టింది కాదు, ఇంగ్లీషులో ఫాంటమ్ అనే అంటారు. మీరు వెతికే సైట్ ప్రతిసారీ విమానం నడిపే సంస్థను అడగదు, ఎప్పుడో తెచ్చి పెట్టుకున్న జాబితా చూపిస్తుంది. ఈలోగా ఆ సీటు ఎవరో పట్టుకుపోయి ఉంటారు. తెర మీద మాత్రం వెక్కిరిస్తూ అలాగే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి నేను చేసేది చెప్తాను: సీటు మీద నొక్కి, ప్రయాణికుల పేర్లు నింపి, పన్నుల మొత్తం సెంట్లతో సహా తేలే పేజీ దాకా వెళ్తాను. "45.60" అని చిల్లరతో పన్ను పడిందంటే ఆ టికెట్‌కు ధర కట్టినట్టు, ఆశ పెట్టుకోవచ్చు. అక్కడ ఎర్ర అక్షరాల్లో తప్పు వచ్చి మళ్లీ మొదటి పేజీకి తోసేస్తే, ఇంకోసారి ప్రయత్నించి, మళ్లీ తోస్తే వదిలేస్తాను. మూడోసారి నొక్కితే మాత్రం వస్తుందా? ఖాతాలో సరిపడా మైళ్లు లేకపోతే కొన్ని సైట్లు అంతదూరం వెళ్లనివ్వవు. అప్పుడు అదే సీటును ఇంకో పార్ట్‌నర్ సైట్‌లో కూడా చూస్తాను, లేదా ఫోన్ చేస్తాను. రెండు చోట్లా ఉంటే సగం ధైర్యం, ఫోన్‌లో మనిషి ఉందంటే ముప్పాతిక ధైర్యం. పూర్తి ధైర్యం టికెట్ చేతికొచ్చాకే.

వెతికేటప్పుడు ముందు ఒక్కరికే, ఒక్క విమానానికే వెతకండి. నలుగురికి వెతికితే మూడు సీట్లున్నా "లేవు" అనొచ్చు, లేదా నలుగురినీ పై రేటులో పడేయొచ్చు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. పాయింట్లు మార్చడం ఆఖరి పని. ఆఖరి పని అంటే నిజంగా ఆఖరిది, ఆ తర్వాత మిగిలేది పన్ను కట్టడమే. "బోనస్ నడుస్తోంది, 30 శాతం ఎక్కువిస్తారు, రేపటితో అయిపోతుంది" అని ఊరిస్తే మార్చేసినవాళ్లున్నారు. కార్డులో ఉన్నన్నాళ్లు ఆ పాయింట్లు పది దారుల్లో దేనికైనా వెళ్లగలవు, మార్చారంటే ఒక్క సంస్థ చేతిలో చిక్కినట్టే. ఆ సంస్థ రేటు పెంచితే మీరు చేసేదేమీ లేదు. క్రిస్‌ఫ్లయర్ మైళ్లయితే మామూలుగా 36 నెలలకు గడువు తీరిపోతాయి, మీరు ఎక్కినా ఎక్కకపోయినా. "ఎలాగూ వాడతాం కదా" అని మార్చినవాళ్లున్నారు, వాళ్లకూ ఇదే సమాధానం. "ఖాతా ఖాళీగా ఉంటే బాగోదని కొన్ని పంపాను" అన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లకేం చెప్పాలో నాకు తెలీదు. ఇంకో చిక్కు సమయం. కార్డు, విమాన సంస్థ జతల్లో కొన్నిటి మధ్య పాయింట్లు నిమిషంలో చేరతాయి, కొన్నిటికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ సీటు మీకోసం కాచుకుని కూర్చోదు. నిదానంగా చేరే జత అయితే ఫోన్ చేసి సీటు పట్టి ఉంచుతారా అని అడగండి. కాదంటే, ఆ సీటు పోయినా అవే మైళ్లతో ఎక్కగల ఇంకో రెండు తేదీలు చేతిలో ఉన్నప్పుడే పంపండి. రెండు ఖాతాల్లోనూ పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండి ఆగిపోయినవి నాకే రెండు తెలుసు.

సరే, లెక్క. టికెట్ డబ్బు ధరలోంచి మీరు మైళ్లతో పాటు కట్టే పన్నులు తీసేసి, మిగిలినదాన్ని మైళ్లతో భాగిస్తే ఒక మైలు విలువ వస్తుంది. ఇది అందరికీ తెలిసిందే. తెలిసీ ఎక్కడ పడతారంటే, తక్కువ మైళ్లు అడిగేదే చవక అనుకుని. ఒకే విమానం, డబ్బుతో కొంటే 640 డాలర్లు అనుకుందాం. ఒక సంస్థ 25,000 మైళ్లు, 140 డాలర్లు అడిగింది. ఇంకోటి 20,000 మైళ్లు, 290 డాలర్లు అంది. మొదటిదాంట్లో మైలుకు 2 సెంట్లు గిట్టింది, రెండోదాంట్లో 1.75. నేనైతే భాగాహారాల జోలికి కూడా పోను, తేడానే చూస్తాను: 5,000 మైళ్లు మిగుల్చుకోవడానికి 150 డాలర్లు ఎక్కువ పెట్టారు, అంటే మైలును 3 సెంట్లకు కొన్నట్టు. మైళ్లు అంతకన్నా చవకగా అమ్మే రోజులు బోలెడు.

ఆ 290లో ఎక్కువ భాగం ప్రభుత్వ పన్ను కాదు. టికెట్ వివరాల్లో వైక్యూ అనో వైఆర్ అనో కనబడేది విమాన సంస్థ తనకోసం వేసుకునే సర్‌ఛార్జ్. లుఫ్తాన్సా విమానాన్ని దాని సొంత మైల్స్ అండ్ మోర్ మైళ్లతో తీసుకుంటే ఇది గట్టిగా పడుతుంది, అదే సీటును ఏరోప్లాన్, యునైటెడ్, ఏవియాంకా వాళ్ల లైఫ్‌మైల్స్‌లలో దేనితో తీసుకున్నా పడదు. ఏరోప్లాన్ 2020 నవంబరు నుంచి దీన్ని తీసేసి, పార్ట్‌నర్ టికెట్‌కు 39 కెనడా డాలర్ల రుసుము పెట్టింది, నాకు అది వెయ్యి రెట్లు నయం. బ్రిటిష్ ఎయిర్‌వేస్ దూరపు విమానాలకు మాత్రం అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్లతో వెళ్లినా తప్పించుకోలేరు. సీటు ఎవరిదన్నది ఎంత ముఖ్యమో, ఎవరి మైళ్లన్నదీ అంతే ముఖ్యం అనేది ఇక్కడే తేలుతుంది.

మూడో దెబ్బ నాకే తగిలింది, పేర్లు వద్దు. ఒక సంస్థ మైళ్లతో ఇంకో సంస్థ విమానం బుక్ చేశాను, "కన్ఫర్మ్డ్" అని మెయిల్ వచ్చింది, మైళ్లు కోశారు, నిశ్చింతగా నిద్రపోయాను. విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర అమ్మాయి తెర నావైపు తిప్పింది. నా పేరుంది, ఆరక్షరాల బుకింగ్ కోడ్ ఉంది, దాని కింద టికెట్ నంబరు ఉండాల్సిన చోట ఖాళీ. బుకింగ్ ఉంది, టికెట్ లేదు. బుక్ చేసిన సంస్థకు ఫోన్ చేసి, వాళ్లు టికెట్ కొట్టేదాకా సూట్‌కేస్ మీద కూర్చున్నాను. చివరికి ఎక్కాను, కానీ ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. అప్పటినుంచి బుక్ చేసిన గంటలో 13 అంకెల నంబరు చూసుకుంటాను. మొదటి మూడంకెలు టికెట్ ఇచ్చిన సంస్థవి: 014 ఎయిర్ కెనడా, 016 యునైటెడ్, 125 బ్రిటిష్ ఎయిర్‌వేస్. మీరు ఎవరి మైళ్లు ఖర్చు చేశారో వాళ్ల అంకెలే ఉండాలి, ఎక్కేది ఎవరి విమానమైనా సరే. ఆరక్షరాల కోడ్‌లు కూడా తరచుగా రెండుంటాయి. నడిపే సంస్థ కోడ్ అడిగి తీసుకుని వాళ్ల సైట్‌లో సీటు ఎంచుకోండి. బయల్దేరకముందే వేళలు మారితే మాత్రం టికెట్ ఇచ్చినవాళ్లనే పట్టుకోవాలి.

స్టాపోవర్ గురించి క్లుప్తంగా. ఏరోప్లాన్‌లో ఉత్తర అమెరికా బయట ఎక్కడైనా ఒకవైపు ప్రయాణంలో మధ్యలో 24 గంటలు దాటి ఆగాలంటే 5,000 పాయింట్లు అదనం, అంతే. బ్రిటిష్ ఎయిర్‌వేస్ మైళ్లయిన ఏవియోస్‌లో మామూలుగా ఇలాంటిది లేదు, అక్కడ చాలావరకు ప్రతి విమానానికీ దాని దూరాన్ని బట్టి విడిగా రేటు కడతారు. కాబట్టి అది నేరుగా వెళ్లే దగ్గరి ప్రయాణాలకు బంగారం, రెండు మూడు విమానాలు మారే దారికి దండగ.

అభ్యాసం. ఒక దూరపు విమానం ఎంచుకోండి, నేరుగా వెళ్లేది. దాన్ని మూడు వేర్వేరు మైళ్ల పథకాల్లో వెతికి, ఒక్కోదాంట్లో మైళ్లు, చిల్లరతో సహా పన్నులు, అందులో వైక్యూ ఎంతో కాగితం మీద రాయండి. మూడు రోజుల తర్వాత అదే పని మళ్లీ చేయండి, ఆ తర్వాత మరో మూడు రోజులకు ఇంకోసారి. మాయమైనవాటిని కొట్టేయండి, కానీ చెరిపేయొద్దు, ఏ సైట్‌లో దెయ్యాలు ఎక్కువో దాన్ని బట్టే తెలుస్తుంది. ఇన్ని రోజుల్లో ఒక్క పాయింటు కూడా మార్చకూడదు. ఆ కాగితం దాచుకోండి, 6వ పాఠానికి అది ఎదురుగా ఉండాలి.