ఒక్క పాత పీసీ మీద మూడు సర్వర్లు

చిన్న ఆఫీసులో బిల్లింగుకో పీసీ, ఫైళ్లకో పీసీ, టెస్టింగుకో పీసీ అంటే కరెంటూ చోటూ దండగ. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ల మార్కెట్) 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న సెకండ్‌హ్యాండ్ పీసీ ఒకటి చూసుకోండి. బయోస్‌లో (పీసీ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగులు) వర్చువలైజేషన్ ఆన్ చేసి, పెన్‌డ్రైవ్ నుంచి ప్రాక్స్‌మాక్స్ వీఈ వేయండి. ఒక్క పీసీలోనే వేర్వేరు వర్చువల్ సర్వర్లు నడిపే సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితమే. డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది, డేటా ముందే తీసిపెట్టుకోండి. తర్వాత పక్క పీసీ బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో సర్వర్ ఐపీ, చివర 8006 పోర్టు కొడితే సర్వర్లు తయారుచేయడంతో సహా మొత్తం మేనేజ్‌మెంట్ అక్కడే. హోస్టుకు, అంటే అసలు పీసీకి, 4 జీబీ వదిలి మిగతా ర్యామ్ మూడు సర్వర్లకూ పంచండి.

అప్‌డేట్‌లో ఎర్రర్ వస్తే టెన్షన్ వద్దు. రిపాజిటరీస్‌లో (అప్‌డేట్లు వచ్చే చోట్ల లిస్టు) డబ్బు కట్టినవాళ్లకుండే ఎంటర్‌ప్రైజ్‌వి ఆపేసి, ఉచితంగా వచ్చే నో-సబ్‌స్క్రిప్షన్ జోడించండి.

బ్యాకప్ మాత్రం అదే డిస్కులో పెట్టొద్దు. ఆ డిస్కు పోతే మూడు సర్వర్లూ, బ్యాకప్పూ కలిసే పోతాయి.