సైకిలు కొనేముందు టైరు చూడండి, ఆ తర్వాతే ఫ్రేము

హైదరాబాదులో మా విజయనగర్ కాలనీలో ఎవరు సైకిలు కొనాలన్నా దుకాణానికి నన్ను తోడు రమ్మంటారు. నేను మెకానిక్కును కాను. లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో జమాఖర్చులు చూస్తాను. రోజూ సైకిలు మీదే వెళ్తాను, వచ్చేటప్పుడు మెహదీపట్నం రైతుబజారులో కూరగాయలు తెచ్చుకుంటాను. దుకాణంలో అడుగుపెట్టగానే మావాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: గేర్లు ఎన్ని? నేను అడిగేది వేరు. దీనికి ఎంత వెడల్పు టైరు పడుతుంది, మడ్‌గార్డు బిగించాక కూడా పడుతుందా? ఆ జవాబు నచ్చితేనే మిగతా మాటలు. ఆఫీసుకో, బడికో, అంగడికో వెళ్లే సైకిలు గురించే చెబుతున్నాను. పందేలకు వెళ్లేవారికి నా సలహాలు పనికిరావు.

మన రోడ్లు తెలిసినవే. నిన్న తారు పోసినచోట నేడు కేబులు కోసం తవ్వుతారు. రోడ్డు మట్టం కన్నా బెత్తెడు లోతుకు దిగిపోయిన మ్యాన్‌హోల్ మూతలు, చెప్పాపెట్టకుండా వచ్చే స్పీడ్ బ్రేకర్లు, వాననీరు దిగడానికి పెట్టిన ఇనుప జాలీలు. ఈ జాలీలతోనే అసలు ప్రమాదం. కొన్నిచోట్ల వాటి సందులు మనం వెళ్లే దిశలోనే ఉంటాయి. 25 మిల్లీమీటర్ల సన్నటి టైరు అందులో దిగబడిందంటే చక్రం ఆగిపోతుంది, మనిషి ఆగడు. అందుకే 35కు తక్కువ టైరు వద్దంటాను. 38 నుంచి 47 మధ్య ఉంటే క్యారియర్ మీద బియ్యం సంచి ఉన్నా గుంతల్లో నడుము అదరదు. 50 దాటితే సరిపోయే మడ్‌గార్డు దొరకడం కష్టమవుతుంది.

వెడల్పు టైరు అయితే తొక్కలేమని భయపడేవారు చాలామంది. అది నిజం కాదు. ఒకే రకం రబ్బరు, ఒకే గాలి ఉన్న రెండు టైర్లలో వెడల్పుదే తేలికగా దొర్లుతుంది. నేలను తాకే భాగం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కనుక అది తక్కువ నలుగుతుంది. ఈ చెడ్డపేరు తెచ్చినవి కొండదారుల కోసం చేసే ఎంటీబీ సైకిళ్ల బుడిపెల టైర్లు. తారు మీద ఆ బుడిపెలు వంగి లేస్తూ మన బలాన్ని తినేస్తాయి, పైగా గుయ్యిమని ఒకటే మోత. వానలో జారకుండా బుడిపెలు ఉండాలి కదా అంటారు. కారు టైరులా నీటి మీద తేలిపోయేంత వేగం మన సైకిలుకు రాదు. తడి తారు మీద పట్టునిచ్చేది మెత్తని మంచి రబ్బరు. నున్నటి టైరు చాలు, సన్నటి గీతలుంటే ఉండనివ్వండి. తడిసిన మ్యాన్‌హోల్ మూత మీదా, రోడ్డు మీది తెల్లరంగు పట్టీల మీదా ఏ టైరైనా జారుతుంది. అక్కడ బ్రేకు నొక్కకుండా, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా దాటేయాలి.

2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచాక, అక్కడ తొక్కడానికని సన్నటి టైర్ల మీద మోజు పెరిగింది. ట్రాక్ నున్నగానే ఉంటుంది, కాదనను. ట్రాక్ మొదలయ్యే నానక్‌రామ్‌గూడ దాకా వెళ్లే దారి మాట ఏమిటి?

పక్కగోడ మీది అంకెలు

కొత్త టైరు వేయించేటప్పుడు అంగుళాల మాట నమ్మవద్దు. 28 అంగుళాల పేరుతో రెండు వేర్వేరు కొలతలున్నాయి. నల్లటి పాత హీరో, హెర్క్యులస్ సైకిళ్లకు వేసే 28 × 1½ టైరు, రిమ్ము మీద కూర్చునేచోట 635 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది. ఇప్పటి హైబ్రిడ్ సైకిళ్ల 700సి టైరుకు అది 622. రెండింటికీ 13 మిల్లీమీటర్ల తేడా, ఒకటి మరోదాని రిమ్ము మీద కూర్చోదు. 29 అంగుళాలని అమ్మే ఎంటీబీ చక్రం కూడా ఈ 622యే. 27.5 అంటే 584. ఇక 26 అంగుళాలది మరీ గజిబిజి. దశాంశంలో రాసే 26 × 1.5 టైరుది 559, భిన్నంలో రాసే 26 × 1½ ది 584, 26 × 1⅜ ది 590. ఒకటిన్నరను రెండు విధాలుగా రాస్తే రెండు కొలతలు కావడం లెక్కలు చూసే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కనుక టైరు పక్కగోడ మీద 38-622 లాంటి జంట అంకె కోసం వెతకండి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం. రెండోది తు.చ. తప్పకుండా కలవాలి. మొదటిది ఫ్రేములో చోటును బట్టి కాస్త అటూఇటూ మార్చుకోవచ్చు. పాత నల్ల సైకిలు టైరు ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది. అట్లాస్ కంపెనీ 2020లో తయారీ ఆపేసినా ఆ సైకిళ్లు ఆగిపోకపోవడానికి కారణం ఈ ఉమ్మడి కొలతలే. 622, 584 రకాలకు మాత్రం కోఠి వైపో, పెద్ద దుకాణాలకో వెళ్లాల్సి రావచ్చు.

ముళ్లు, గాలి

పంక్చర్లకు గాజు పెంకులు, మేకులే కాదు, పల్లేరు కాయలూ కారణమే. వానలు పడ్డాక ఖాళీ స్థలాల అంచుల్లో, రోడ్డు పక్క మట్టిలో పల్లేరు పాకుతుంది. ఎండిన కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే నిలుస్తుంది. అది టైరులో దిగి, కాయ విరిగిపోయి, కొన మాత్రం రబ్బరులో మిగిలిపోతుంది. బయటి నుంచి చూస్తే ఏమీ కనబడదు. పంక్చర్ వేయించి ఇల్లు చేరేలోపే మళ్లీ గాలి దిగిందంటే చాలాసార్లు దోషం ఆ కొనదే, ప్యాచ్‌ది కాదు. ట్యూబు తీయించాక పాత నూలు గుడ్డతో టైరు లోపల చుట్టూ తుడవండి. ముల్లున్నచోట దారం తగులుకుంటుంది. వేళ్లతో తడమవద్దు, గాజు ఉంటే కోసుకుపోతుంది.

ఇంకో చిన్న పని. టైరు మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరకు వచ్చేలా బిగించమనండి. ట్యూబులో చిల్లు వాల్వుకు జానెడు దూరంలో దొరికితే టైరులోనూ ఆ పేరుకు జానెడు దూరంలో, అటో ఇటో, వెతికితే సరిపోతుంది. మా పంక్చర్ షాపు భాయ్ మొదట్లో “పేరు ఎక్కడుంటే ఏముంది మేడం” అని నవ్వేవాడు. ఇప్పుడు చెప్పకుండానే అలా బిగిస్తాడు.

రబ్బరు కింద మందపాటి రక్షణ పట్టీ ఉన్న టైర్లు దొరుకుతాయి. ష్వాల్బే వారి మారథాన్‌కు ఈ విషయంలో మంచి పేరుంది, ధర కూడా దానికి తగ్గట్టే. అంత పెట్టలేకపోతే హార్టెక్స్, రాల్సన్ లాంటి మన టైర్లలో నడిమి రబ్బరు మందంగా ఉన్నది ఎంచుకోండి. హార్టెక్స్ హైదరాబాదు కంపెనీయే. టైరుకూ ట్యూబుకూ మధ్య లైనర్ (ముల్లు దిగకుండా వేసే పట్టీ) వేయిస్తే దాని రెండు కొనలూ గుండ్రంగా కత్తిరించి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆ అంచే ట్యూబును ఒరిసి చిల్లు పెడుతుంది. గాలి అక్కర్లేని గట్టి రబ్బరు టైర్ల జోలికి మాత్రం పోవద్దు. ప్రతి గుంతా వెన్నెముకకు తెలుస్తుంది, స్పోకులు వదులవుతాయి.

వాల్వు సంగతి కొనేటప్పుడే తేల్చుకోండి. స్కూటరుకు ఉండే రకం వాల్వయితే ఏ పెట్రోలు బంకులోనైనా గాలి పట్టవచ్చు. సన్నటి ఫ్రెంచి వాల్వుకు అడాప్టర్ కావాలి, అది ఎప్పుడూ అవసరమైనప్పుడే ఇంట్లో ఉండిపోతుంది. పాత సైకిళ్ల వాల్వులో చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. అది పాడైతే ట్యూబు బాగున్నా గాలి నిలవదు. బంకులో పట్టేటప్పుడు క్షణం పట్టి ఆపి చూస్తూ ఉండాలి. సైకిలు ట్యూబులో పట్టే గాలి తక్కువ కనుక ఇట్టే హద్దు దాటుతుంది. ఆ హద్దు పక్కగోడ మీదే రాసి ఉంటుంది. నా బరువు 60 కిలోలు. 40 మిల్లీమీటర్ల టైర్లలో ముందు 45, వెనుక 55 పీఎస్‌ఐ పెడతాను, సరుకులు ఎక్కువుంటే వెనుక ఇంకో ఐదు. గాలి బాగా తగ్గితే గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలాంటి జంట చిల్లులు కనబడితే ముల్లు కోసం వెతకడం దండగ, గాలి పెంచుకోండి.

మే నెల ఎండకు టైరు పేలుతుందని గాలి తీసేసేవాళ్లున్నారు. నీడలో 30 డిగ్రీల దగ్గర 55 పెట్టిన టైరు ఎండలో 60 డిగ్రీలకు వేడెక్కినా 62 దాకా పోతుంది, అంతే. పేలేది పక్కగోడ పగుళ్లిచ్చిన ముసలి టైరు, లేదా అంచు రిమ్ములో సరిగా కూర్చోని టైరు. ఎండ రబ్బరును పగలగొట్టే మాట నిజమే. నీడ ఉంటే అక్కడ నిలపండి.

ఫ్రేము

టైరు తేలాక ఫ్రేము చూడటం సులువు. వెనుక చక్రం ఇరువైపులా ఫ్రేము గొట్టాలకూ టైరుకూ మధ్య చిటికెన వేలు దూరాలి. ముందు ఫోర్కు దగ్గరా అంతే. ఆపైన మడ్‌గార్డుకు చోటుండాలి. మడ్‌గార్డు, క్యారియర్ బిగించడానికి ఇరుసు దగ్గరా, సీటు కింది గొట్టాల మీదా మరలు వేసిన రంధ్రాలుండాలి. ఇవి లేని ఫ్రేముకు క్లిప్పులతో క్యారియర్ తగిలిస్తామని దుకాణంవారు నచ్చజెబుతారు. రెండు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి అది పక్కకు జారుతుంది.

నిలబెట్టిన సైకిలు వెనుక చేతిసంచి తగిలించి పెడల్ వెనక్కి తిప్పి చూడండి. మడమ సంచికి కొట్టుకుంటుంటే ఫ్రేము వెనుక భాగం పొట్టిదని అర్థం. పెడల్ ఇరుసు (రెండు పెడల్ కడ్డీలనూ కలిపే నడిమి ఇరుసు) నుంచి వెనుక చక్రం ఇరుసు దాకా 44, 45 సెంటీమీటర్లుంటే సుఖం. పాత నల్ల సైకిళ్లు అందుకే పొడుగ్గా ఉండేవి. నిండు గ్యాస్ బండ దాదాపు 30 కిలోలు, దాన్ని వెనుక కట్టుకుని తొక్కేవారు. వాటి లోపమల్లా బ్రేకులు: ఉక్కు రిమ్ము తడిస్తే కడ్డీ బ్రేకు పట్టదు. వానలో తొక్కేవారు అల్యూమినియం రిమ్మో, డిస్కు బ్రేకో ఉన్నదే తీసుకోవాలి.

ఉక్కా, అల్యూమినియమా? ఉక్కుతో పోలిస్తే అల్యూమినియం బరువు మూడో వంతు, బిగువు కూడా మూడో వంతే. అందుకే దాని గొట్టాలు లావుగా చేస్తారు. మంచిదైతే రెండూ పనికొస్తాయి. నా ఓటు ఉక్కుకే. వంగితే సరిచేయవచ్చు, విరిగితే వీధి చివర వెల్డింగు షాపులో అతికించవచ్చు. అల్యూమినియంను అతికించాక మళ్లీ వేడిచేసి గట్టిపరచకపోతే అతుకు పక్కనే బలహీనపడుతుంది, ఆ సౌకర్యం వీధి చివర ఉండదు. తుప్పు భయముంటే వానాకాలం ముందు సీటు గొట్టం తీసి లోపలికి కాస్త నూనె పోయండి.

చవక సైకిళ్ల ముందు షాకప్స్ గురించి ఒక్క మాట: వద్దు. బరువు, రెండు వానలకే తుప్పు, జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కుతుంటే మన బలమంతా అవే మింగుతాయి. ఆ పని 42 మిల్లీమీటర్ల టైరు చేస్తుంది.

చీర కట్టుకునేవారికీ, వెనుక పిల్లల సీటో పెద్ద బుట్టో ఉండి కాలు పైకెత్తి తిప్పలేనివారికీ అడ్డకడ్డీ లేని ఫ్రేము మేలు. మగవాళ్లు దీనికి మొహమాటపడటం నాకు అర్థం కాదు. అయితే అడ్డకడ్డీ లేనప్పుడు వెనుక బరువుకు ఫ్రేము ఊగుతుంది. కింది గొట్టం లావుగా ఉన్నదో, జంట గొట్టాలున్నదో చూసుకోండి. చైన్ కవర్, వెనుక చక్రానికి జాలీ అడగండి.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని, కాళ్ల మధ్య ఒక పుస్తకాన్ని సీటులా పైకి నొక్కి పట్టి, నేల నుంచి దాని పైఅంచు దాకా కొలవండి. దాన్ని 0.88తో హెచ్చిస్తే పెడల్ ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం. నాకు 74 సెంటీమీటర్లు, అంటే సీటు 65. ట్రాఫిక్కులో మాటిమాటికీ ఆగేవారు ఇంకో వేలెడు దించుకోవచ్చు. అడ్డకడ్డీ ఉంటే దాని మీదుగా నిలబడినప్పుడు రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ మిగలాలి.

పాతది కొంటుంటే జేబులో ఒక దారం ఉండ, స్కేలు పెట్టుకుని వెళ్లండి. దారాన్ని వెనుక ఇరుసు ఎడమ కొన దగ్గర కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, మళ్లీ వెనుక కుడి కొనకు బిగుతుగా లాగి కట్టండి. ఇప్పుడు సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండువైపులా కొలవండి. తేడా రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే ఫ్రేము వంగినట్టు. తర్వాత హ్యాండిల్ గొట్టం కింద, కింది గొట్టం అతికిన చోట వేలితో తడమండి. రంగు ఉబ్బినా, సన్నటి పగులు తగిలినా అది ఎక్కడో గుద్దుకున్న సైకిలు, ధర ఎంత తగ్గించినా వద్దు.

చివరగా సైకిలును తలకిందులు చేసి, పెడల్ ఇరుసు కింద చెక్కిన ఫ్రేము నంబరు బిల్లు మీది నంబరుతో కలిసిందో లేదో చూడండి. కొన్నరోజే దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. సైకిలు పోతే పోలీసు స్టేషన్‌లో ఇవ్వడానికి చేతిలో ఉండే ఆధారం అదే.