బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో తెలుసుకొని, దానిని తగ్గించుకోవడం ఎలా?

ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన లేవు. తాగడానికి తియ్యగా, చూడడానికి తేటగా ఉన్న నీటిలోనే అది ప్రమాదకరమైన మోతాదులో ఉండవచ్చు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో నడుములు వంగిపోయి, కీళ్లు బిగుసుకుపోయిన మనుషులను పరీక్షించిన వైద్య పరిశోధకులు, దానికి కారణం తాగే నీరేనని 1937లోనే రాశారు. ఆ తరువాత నల్గొండ పేరు దేశమంతటికీ తెలిసింది. నేడు చాలా గ్రామాలకు కృష్ణా, గోదావరి జలాలు గొట్టాల ద్వారా అందుతున్నాయి. అయినా ఇంటి పెరట్లోనో, పొలంలోనో, అపార్టుమెంటు కిందనో బోరు ఉన్నంతకాలం ఆ నీరు ఏదో ఒక దారిన వంటింట్లోకి వస్తూనే ఉంటుంది. అటువంటి బోరు ఉన్న కుటుంబం ఏ వరుసలో ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట కొలిపించండి

పక్కింటి బోరులో ఫ్లోరైడ్ లేదు కాబట్టి మన బోరులోనూ ఉండదని అనుకోకూడదు. గ్రానైటు వంటి రాళ్లలోని ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం వంటి ఖనిజాలలో ఫ్లోరైడ్ ఉంటుంది. నీరు ఆ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచినప్పుడు అది కొద్దికొద్దిగా కరుగుతుంది. నీటిలో కాల్షియం తగినంత ఉంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా విడిపోతుంది కనుక మోతాదు ఒక హద్దు దాటదు. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న క్షారగుణపు నీటిలో ఆ అడ్డు ఉండదు. సబ్బుకు బాగా నురగ వచ్చే ‘మెత్తని’ బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా కనిపించడానికి తరచుగా ఇదే కారణం. బోరు లోతు, రాతి స్వభావం, వానలు మారితే ఈ లెక్క కూడా మారుతుంది. అందువల్ల ఎవరి బోరును వారే పరీక్షించుకోవాలి.

నమూనా కోసం శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా కంటే ప్లాస్టిక్ సీసానే మేలు. మోటారును కొన్ని నిమిషాలు నడిపి, గొట్టంలో నిలిచిన నీరు పోయాక, అదే నీటితో సీసాను రెండు మూడు సార్లు తొలిచి, నిండుగా పట్టి గట్టిగా మూత బిగించండి. సీసా మీద తేదీ, ఊరు, బోరు లోతు రాయండి. గ్రామీణ నీటి సరఫరా శాఖకు జిల్లా, డివిజన్ స్థాయిలో ప్రయోగశాలలు ఉన్నాయి. జల్ జీవన్ మిషన్ కింద ఇటువంటి ప్రయోగశాలలను నామమాత్రపు రుసుముతో ప్రజలకూ అందుబాటులోకి తెచ్చారు. ఒక్క ఫ్లోరైడ్‌తో ఆగకుండా పీహెచ్ (నీరు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె), క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం), కాఠిన్యం (కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు) కూడా చూడమని అడగండి. నీటిని శుద్ధి చేసే పద్ధతిని ఎంచుకునేటప్పుడు ఆ అంకెలు అవసరమవుతాయి.

గ్రామాల్లో చేసే కిట్టు పరీక్షలో రంగు మార్పును చూస్తారు. జిర్కోనియం కలిసిన గులాబీ రంగు ద్రావణాన్ని నీటిలో వేస్తే, ఫ్లోరైడ్ ఆ జిర్కోనియాన్ని తనవైపు లాక్కోవడంతో రంగు పసుపు వైపు తిరుగుతుంది. సుమారుగా ఎంత ఉందో తెలుసుకోవడానికి ఇది చాలు. ఫలితం హద్దుకు దగ్గరగా వస్తే మాత్రం ప్రయోగశాలలో ఎలక్ట్రోడుతో కొలిచిన అంకెనే నమ్మాలి. వేసవి చివర ఒకసారి, వానలు పడిన తరువాత మరొకసారి కొలిపిస్తే ఏడాది పొడవునా పరిస్థితి ఎలా ఉంటుందో అర్థమవుతుంది.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. నీళ్ల మిషను అమ్మేవారు గ్లాసులో ముంచి చూపించే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను కొలవదు. అది నీటి విద్యుద్వాహకతను బట్టి, కరిగి ఉన్న లవణాలన్నిటి మొత్తాన్ని అంచనా వేస్తుంది. లీటరుకు 400 మిల్లీగ్రాముల లవణాలున్న నీటిలో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నా, అసలు లేకపోయినా మీటరు మీద కనిపించే తేడా చెప్పుకోదగినది కాదు. ‘టీడీఎస్ తక్కువే, నీళ్లు మంచివే’ అనే మాట విని ఊరుకున్న కుటుంబాలలో పిల్లల పళ్లు గారపట్టడం నాకు ఎంతో బాధ కలిగించే విషయం. ఇటువంటి మాట చెప్పినవారిని ఫ్లోరైడ్ నివేదిక చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు.

వచ్చిన అంకెను ఎలా చదవాలి?

భారత ప్రమాణాల సంస్థ ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండడం మంచిది. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ కూడా 1.5 మిల్లీగ్రాములే. అయితే ఎండలు మండే మన ప్రాంతంలో, ముఖ్యంగా పొలం పని చేసేవారు, చల్లని దేశాలవారి కంటే ఎక్కువ నీరు తాగుతారు. శరీరంలోకి చేరే ఫ్లోరైడ్ నీటిలోని మోతాదుతో పాటు తాగిన లీటర్లను బట్టి కూడా ఉంటుంది కనుక, మన ఇళ్లలో 1 మిల్లీగ్రామునే హద్దుగా పెట్టుకోవడం వివేకమని నా అభిప్రాయం.

హద్దు దాటితే మొదట దెబ్బతినేవి పిల్లల పళ్లు. సుమారు ఎనిమిదేళ్ల వయసు వరకు చిగుళ్ల లోపల పంటి పింగాణీ తయారవుతూ ఉంటుంది. ఆ కాలంలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ల మీద అడ్డంగా తెల్లని, ఆ తరువాత గోధుమ రంగు చారలు వస్తాయి. అవి తోముకుంటే పోవు. మోతాదు 3 నుంచి 6 మిల్లీగ్రాముల మధ్య ఉన్న నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకల ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ పేరుకొని ఎముకలు, కీళ్లు దెబ్బతినే జబ్బు) కనిపించవచ్చని, 10 దాటితే మనిషిని కదలనివ్వని తీవ్రస్థితి రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటోంది. శరీరంలో కాల్షియం లోపం ఉంటే ఇంతకంటే తక్కువ మోతాదులోనే హాని ఎక్కువగా జరుగుతుంది. నల్గొండ ప్రాంతంలో మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకునేలా కాళ్లు వంకరపోయిన యువకుల గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో ప్రకటించారు. ఆ వైకల్యం వెనుక నీటితో పాటు ఆహారం పాత్ర కూడా ఉందని అప్పటి పరిశోధనలే సూచించాయి.

పిల్లల తెలివితేటలపై ప్రభావం గురించి ఇటీవల చాలా చర్చ జరుగుతోంది. అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం 2024 ఆగస్టులో విడుదల చేసిన సమీక్షలో, లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్‌కు, పిల్లల ఐక్యూ తగ్గడానికి సంబంధం ఉందని మధ్యస్థ విశ్వాసంతో (ఆధారాలు ఒక మోస్తరు బలంగా ఉన్నాయన్న అర్థంలో) చెప్పింది. 2025 జనవరిలో జామా పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన విశ్లేషణ 74 అధ్యయనాలను కలిపి చూసి అదే దిశలో ఫలితాన్ని చూపింది. ఆ అధ్యయనాలలో 52 పక్షపాత దోషానికి (చేసిన తీరు వల్ల ఫలితం ఒకవైపు మొగ్గడానికి) ఎక్కువ అవకాశం ఉన్నవని ఆ విశ్లేషకులే గుర్తించారు. అమెరికాలో పళ్ల రక్షణ కోసం నీటిలో కలిపే 0.7 మిల్లీగ్రాముల మోతాదుకు హాని ఉందో లేదో తేల్చడానికి ఆధారాలు చాలవని 2024 సమీక్ష స్పష్టంగా పేర్కొంది. అక్కడి వివాదం ఆ తక్కువ మోతాదు చుట్టూ తిరుగుతుంది. మన బోర్లలో ఉండే ఎక్కువ మోతాదు విషయంలో పళ్లు, ఎముకల నష్టం దశాబ్దాల కిందటే రుజువైంది కాబట్టి, ఆ వివాదం తేలేదాకా మనం వేచి ఉండవలసిన పని లేదు.

నీటిని మార్చుకోగలిగితే మార్చుకోండి

అంకె 1 దాటితే శుద్ధి యంత్రం కొనడం కంటే ముందు వేరే నీరు ఉందేమో చూడండి. నది నుంచి వచ్చే కుళాయి నీటిలో ఫ్లోరైడ్ సాధారణంగా చాలా తక్కువ. శుభ్రమైన డాబా మీద పడి, మొదటి వాన వదిలేశాక పట్టిన వాన నీటిలో దాదాపు ఉండదు. స్నానానికి, బట్టలకు, పశువుల కొట్టం కడగడానికి బోరు నీటిని నిశ్చింతగా వాడవచ్చు. తాగడానికి, వంటకు మాత్రమే మంచి నీరు కావాలి. నలుగురున్న ఇంటికి రోజుకు ఇరవై, ఇరవై ఐదు లీటర్లు సరిపోతాయి. వంట నీటిని మరచిపోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. తాగడానికి క్యాను నీళ్లు కొని, అన్నం, పప్పు, పులుసు బోరు నీటితో వండితే, ఉడికే పదార్థం పీల్చుకున్న ఫ్లోరైడ్ అంతా కడుపులోకే పోతుంది. క్యాను నీటిని కూడా ఒకసారి పరీక్షకు పంపండి.

శుద్ధి తప్పనిసరి అయితే

కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైపోయి ఫ్లోరైడ్ మిగలడంతో గాఢత ఇంకా పెరుగుతుంది. గుడ్డతో వడపోసినా, క్యాండిల్ ఫిల్టరు వాడినా, అతినీల కిరణాల యంత్రం పెట్టినా ఫలితం ఉండదు. అవి మట్టినో, సూక్ష్మజీవులనో తొలగిస్తాయి తప్ప కరిగి ఉన్న ఫ్లోరైడ్‌ను పట్టుకోలేవు.

నీటిని ఒత్తిడితో సన్నని పొర గుండా పంపి వడపోసే ఆర్‌వో యంత్రం ఫ్లోరైడ్‌లో అధిక భాగాన్ని తొలగిస్తుంది. పొర పాతబడితే ఆ శక్తి తగ్గుతుంది కాబట్టి యంత్రం బిగించిన వెంటనే ఒకసారి, ఆపైన ఏడాదికి రెండుసార్లు బయటకు వచ్చే నీటిని కొలిపించాలి. యంత్రం వదిలేసే నీటిలో ఫ్లోరైడ్ మరింత చిక్కగా ఉంటుంది. దానిని ఇల్లు తుడవడానికో, మరుగుదొడ్డికో వాడండి కానీ బోరు పక్కనున్న ఇంకుడు గుంతలోకి మాత్రం వదలకండి.

యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల ఫిల్టరుకు కరెంటు అక్కరలేదు. అల్యూమినా ఉపరితలం ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. నీటి పీహెచ్, క్షారత ఎక్కువైతే దాని సామర్థ్యం తగ్గుతుంది. గుళికలు నిండిపోయినట్లు పైకి ఏమీ తెలియదు, నీటి రుచి మారదు. అందుకే నెలకోసారి కిట్టుతో పరీక్షిస్తూ, అంకె 1కి చేరగానే గుళికలను పునరుద్ధరించాలి. ఆ పని కాస్టిక్ సోడాతో, ఆ తరువాత ఆమ్లంతో జరుగుతుంది కనుక ఇంట్లో చేయకుండా అమ్మిన సంస్థకో, శిక్షణ పొందినవారికో అప్పగించండి.

తక్కువ ఖర్చుతో అయ్యేది ‘నల్గొండ పద్ధతి’. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ దీనిని రూపొందించింది. బకెట్టు నీటిలో కొంచెం సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి, తరువాత పటిక ద్రావణం పోసి, ఒక నిమిషం వేగంగా, ఆపైన పది నిమిషాలు నెమ్మదిగా కలపాలి. పటికలోని అల్యూమినియం దూదిపింజల వంటి ముద్దలుగా విడిపోతూ ఫ్లోరైడ్‌ను తనతో పాటు అడుగుకు తీసుకుపోతుంది. గంటసేపు కదపకుండా ఉంచి, పైనున్న తేట నీటిని అడుగు కదలకుండా వంచుకొని వడపోయాలి. పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడ్ మీద, క్షారత మీద ఆధారపడుతుంది. కాబట్టి నివేదికను చూపించి, ఎంత వేయాలో ప్రయోగశాల సిబ్బందిచేతనే రాయించుకోండి. చేతి అంచనాతో వేస్తే ఫ్లోరైడ్ మిగిలిపోవచ్చు, లేదా పీహెచ్ చెడి అల్యూమినియం నీటిలో ఉండిపోవచ్చు. అడుగున మిగిలిన మడ్డిని బావికి, పెరటి కూరల మడులకు దూరంగా గోతిలో పూడ్చాలి. నీటిలో ఫ్లోరైడ్ మరీ ఎక్కువగా ఉంటే ఈ పద్ధతికి పటిక విపరీతంగా ఖర్చవుతుంది కనుక ఆర్‌వో మేలు.

ఆహారంలో మార్పులు

పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ఆకుకూరల ద్వారా కాల్షియం అందితే పేగుల నుంచి ఒంట్లోకి చేరే ఫ్లోరైడ్ శాతం తగ్గుతుంది. సి విటమిను కోసం ఉసిరి, జామ, నిమ్మ చేర్చండి. చాట్ మసాలాల్లో వాడే నల్ల ఉప్పులోను, చిక్కటి టీలోను ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి వాటిని తగ్గించండి. చిన్నపిల్లలు పేస్టు మింగకుండా, బఠాణీ గింజంతే వేసుకొని ఉమ్మేసేలా చూడాలి. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయినట్లు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించారు. మన చారు, పులుసులకు ఇది ఆనందించదగిన విషయమే అయినా, అది చిన్న అధ్యయనం, నీటిని మార్చడానికి బదులు కాదు. తల్లి తాగే నీటిలో ఫ్లోరైడ్ ఉన్నా చనుబాలలోకి చాలా స్వల్పంగానే చేరుతుంది. డబ్బా పాలు కలిపే నీటి విషయంలోనే అత్యంత జాగ్రత్త కావాలి.

ఒంట్లో చేరిందేమో చూసుకోవడం

ఏళ్లుగా ఆ నీటినే తాగినవారు మూడు కదలికలు ప్రయత్నించవచ్చు. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్లను అందుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, రెండు చేతులను తల వెనుకకు చేర్చడం. వీటిలో ఏదైనా నొప్పి వల్లనో, బిగుతు వల్లనో కుదరకపోతే ఫ్లోరోసిస్ అనే నిర్ధారణ కాదు, కానీ వైద్యుణ్ని కలవడానికి తగిన కారణం. మీ నీటి నివేదికను వెంట తీసుకువెళ్లి, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష, ముంజేతి ఎక్స్‌రే అవసరమేమో అడగండి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ఉండడం ఎక్స్‌రేలో కనిపించే గుర్తు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఫ్లోరైడ్‌ను సరిగా విసర్జించలేరు కనుక వారికి ఈ పరీక్షలు ఆలస్యం చేయకూడదు. నీరు మార్చిన కొన్ని నెలలకు మూత్ర పరీక్ష మళ్లీ చేయించి, రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. అంకె తగ్గకపోతే వంట నీరు, క్యాను నీరు, టీ, నల్ల ఉప్పు, పేస్టు, వీటిలో ఏ దారిన ఇంకా వస్తున్నదో వైద్యునితో కలిసి ఒక్కొక్కటిగా పరిశీలించండి.