టీబీ మందులు నడుస్తుండగా ఐరన్, కాల్షియం, జింక్ బిళ్లలు ఎలా వేసుకోవాలి

ఇంట్లో ఒకరికి టీబీ అని తేలితే వారం తిరక్కుండానే బలం మందులు వచ్చి పడతాయి. పెద్దమ్మ రక్తం పట్టే టానిక్ తెస్తుంది, పక్కింటాయన జింక్ ఉన్న మల్టీవిటమిన్ పేరు చెప్తాడు, మందుల షాపులో అడిగితే కాల్షియం స్ట్రిప్పు చేతిలో పెడతారు. ప్రేమతో చేసే పనే, కాదనను. మా తమ్ముడికి మామూలు మందులకు లొంగని ఎండీఆర్ టీబీ వచ్చినప్పుడు మా ఇంట్లోనూ అంతే. అమ్మ రోజూ పొద్దున్నే వాడి మందులన్నీ ఒక గిన్నెలో వేసి, పక్కనే ఒక కాల్షియం బిళ్ల, ఒక గ్లాసు పాలు పెట్టి, అన్నీ ఒకేసారి మింగించేది. ఆ మందుల్లో లెవోఫ్లాక్సాసిన్ ఉంది. దాదాపు రెండు నెలలు ఇలాగే నడిచింది. ఒకరోజు మందుల సంచి మొత్తం పట్టుకెళ్లి చూపిస్తే ఫార్మసిస్టు కాల్షియం స్ట్రిప్పు పక్కకు తీసి, ఇది ఎన్నింటికి వేస్తున్నారమ్మా అని అడిగాడు. అంతకుముందు ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు, అడగాల్సిన విషయం ఉందని మాకూ తెలియదు. అప్పుడు నేర్చుకున్నవి, తర్వాత వాడి చికిత్స పూర్తయ్యేలోపు డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు గొడవ ఎక్కడో చెప్తాను. లెవోఫ్లాక్సాసిన్, మోక్సిఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ ఇవన్నీ ఒకే కుటుంబం మందులు. కడుపులో ఇవి కాల్షియం, ఐరన్, జింక్, మెగ్నీషియం, అల్యూమినియం వీటిలో దేనికి తగిలినా దాన్ని గట్టిగా కరుచుకుంటాయి. అలా జతకట్టిన మందు పేగు గోడ దాటి రక్తంలోకి పోలేదు, మలంలో బయటికి వెళ్లిపోతుంది. ఐరన్ బిళ్లతో కలిపి వేస్తే సిప్రో లాంటి మందు సగం దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే వృథా అవుతుంది. బిళ్ల మింగాం కదా అనుకుంటాం, ఒంట్లోకి చేరింది మాత్రం అరకొర. మామూలు జ్వరానికి ఐదు రోజులు వేసే మందైతే నష్టం కొంతే, కానీ నెలల తరబడి వాడే టీబీలో అరకొర డోసు అంటే బ్యాక్టీరియాకి ఆ మందును తట్టుకోవడం మనమే నేర్పినట్టు. ఎండీఆర్‌లో ఇప్పటికే కొన్ని మందులు చేజారిపోయి ఉంటాయి, చేతిలో మిగిలినదాన్ని కూడా పోగొట్టుకోకూడదు.

కాబట్టి మొదటి పని, ఇంట్లో ఉన్న ప్రతి బిళ్ల, సిరప్, పొడి, లేహ్యం ఒక సంచిలో వేసి, చికిత్స ఇస్తున్న డాక్టరుకో, టీబీ సెంటర్లో మందులిచ్చే వాళ్లకో చూపించండి. పేర్లు చెప్తే చాలదు, వస్తువులే తీసుకెళ్లండి. ఎందుకంటే చాలా వాటిలో ఖనిజాలు ఉన్నాయని మనకి తట్టదు. గ్యాస్‌కి తాగే డైజీన్, జెలూసిల్‌లలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. అల్సర్‌కి ఇచ్చే సుక్రాల్ఫేట్‌లో అల్యూమినియం ఉంటుంది. బికాసూల్స్ క్యాప్సూల్ అంటే బీకాంప్లెక్స్, విటమిన్ సి, కానీ అదే పేరు వెనక జెడ్ అని ఉంటే అందులో జింక్ కూడా ఉన్నట్టు. పాలలో కలిపే ఆరోగ్య పానీయాల పొడుల్లో కాల్షియం, ఐరన్ కలుపుతారు. ఆయుర్వేదం వాడేవాళ్లు మరీ జాగ్రత్త: లోహ భస్మం, మండూర భస్మం అంటే ఇనుమే, శంఖ భస్మం, ప్రవాళ భస్మం అంటే కాల్షియమే. అవి మూలికలు కదా ఏం కాదు అనుకుని డాక్టరుకి చెప్పకుండా దాచేవాళ్లని చాలామందిని చూశాను, దయచేసి దాచకండి.

ఇప్పుడు టైము సంగతి. మామూలు టీబీకి ప్రభుత్వం ఇచ్చే నాలుగు మందుల బిళ్లలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు ఉంటాయి, పెద్దవాళ్లకి బరువును బట్టి రోజుకి రెండు నుంచి ఆరు దాకా వేస్తారు. వీటిని పరగడుపున, మంచినీళ్లతో వేసుకుంటే బాగా ఒంటబడతాయి, ముఖ్యంగా రిఫాంపిసిన్. వేసుకున్నాక గంట ఆగి టిఫిన్ చేయొచ్చు. వికారం తట్టుకోలేకపోతే కొద్దిగా ఇడ్లీయో అరటిపండో తిని వేసుకోండి, మానేయడం కన్నా అది నయం. ఈ బిళ్లలకి ఐరన్, కాల్షియంతో లెవోఫ్లాక్సాసిన్‌కి ఉన్నంత గొడవ లేదు, గ్యాస్ మందులతో మాత్రం ఉంది. అల్యూమినియం ఉన్న గ్యాస్ మందు ఐసోనియాజిడ్‌ని తగ్గిస్తుంది, ఇథాంబుటాల్ వేశాక నాలుగు గంటల దాకా దాన్ని ముట్టుకోకూడదు. టీబీ మందులు మొదలైతే కడుపులో మంట మామూలే, జెలూసిల్ ఒక మూత తాగేద్దాం అనిపిస్తుంది, అక్కడే ఆగి డాక్టర్‌ని అడగండి. ఖనిజాల బిళ్లల్ని కూడా ఎందుకైనా మంచిదని కనీసం రెండు గంటలు దూరం పెట్టండి.

లెవోఫ్లాక్సాసిన్ వాడుతుంటే దానికి ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు ఖనిజాలేవీ వద్దు. మోక్సిఫ్లాక్సాసిన్‌కి ఇది సరిపోదు: ఆ బిళ్ల వేశాక నాలుగు గంటలు ఆగాలి, ఖనిజం ముందు వేస్తే ఎనిమిది గంటలు గడిచాకే మోక్సి వేయాలి. ఇది వింటే భయమేస్తుంది గానీ రోజుకి ఒక్కసారే వేసే మందు కాబట్టి కుదుర్చుకోవడం తేలికే. మోక్సి ఉదయం ఆరింటికి మంచినీళ్లతో వేశారనుకోండి. డాక్టర్ కాల్షియం రాసి ఉంటే మధ్యాహ్నం ఒంటిగంటకి అన్నంతో వేసుకోండి, కాల్షియం కార్బొనేట్ రకం అన్నంతోనే బాగా ఒంటబడుతుంది. ఐరన్ రాసి ఉంటే సాయంత్రం ఐదింటికి నిమ్మరసం నీళ్లతో, అటూ ఇటూ గంట వరకు టీ, కాఫీ లేకుండా. ఐరన్, కాల్షియం ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి కాబట్టి వాటి మధ్య కూడా రెండు గంటలు ఉండాలి. రాత్రి పది దాటాక ఖనిజాలు వద్దు, మళ్లీ ఉదయం మోక్సికి ఎనిమిది గంటలు మిగలాలి. థైరాయిడ్ బిళ్ల వేసేవాళ్లు దానికీ, ఐరన్ కాల్షియంలకీ మధ్య నాలుగు గంటలు ఉంచాలి, టీబీ మందులతో కలిపి టైము ఎలా సర్దాలో డాక్టరుతో కూర్చుని రాయించుకోండి. మేమైతే ఒక అట్టముక్క మీద గంటలు రాసి ఫ్రిజ్ మీద అంటించాం, చదువు రాని అమ్మ కోసం ఉదయం మందుల డబ్బాకి పసుపు దారం, సాయంత్రం డబ్బాకి నల్లదారం కట్టాం. ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పు జరగలేదు.

పాలు, పెరుగు, రాగిజావ మానేయాలా అని చాలామంది అడుగుతారు. మానొద్దు! రోగి తిండి తగ్గిస్తే ఇంకా ప్రమాదం. మందు మింగేటప్పుడు మాత్రం పాలు వద్దు, నీళ్లే వాడండి. రాగిజావలో కాల్షియం బాగా ఉంటుంది, అందుకే దాన్ని ఉదయం మందుతో కలపకుండా పదకొండింటికో సాయంత్రమో ఇవ్వండి.

అసలు ఈ బిళ్లలు అవసరమా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. టీబీ వచ్చినవాళ్లలో చాలామందికి హిమోగ్లోబిన్ తక్కువే ఉంటుంది, తొమ్మిదో ఎనిమిదో చూసి ఇంట్లో వాళ్లు హడలిపోయి ఐరన్ మొదలుపెడతారు. కానీ ఇందులో ఎక్కువ భాగం ఇనుము లేక వచ్చిన రక్తహీనత కాదు. ఇన్ఫెక్షన్ ఉన్నంతకాలం కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను ఎక్కువ వదిలి, ఉన్న ఇనుమును నిల్వల్లోనే బంధించి ఉంచుతుంది, పేగు నుంచి కొత్తది లోపలికి రానివ్వదు. ఎందుకంటే టీబీ బ్యాక్టీరియాకి బతకడానికి ఇనుము కావాలి, దాన్ని లాక్కోవడానికి మైకోబాక్టిన్ అనే పదార్థాన్నే తయారుచేసుకుంటుంది. శరీరం ఆ మేత దొరకనివ్వకుండా తలుపులు మూస్తుందన్నమాట. అలాంటప్పుడు బిళ్లలు మింగితే ఒంటబట్టేది తక్కువ, మలబద్ధకం, కడుపునొప్పి ఎక్కువ. టీబీ తగ్గేకొద్దీ చాలామందికి రక్తం దానంతటదే పెరుగుతుంది. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చూసే ఫెర్రిటిన్ పరీక్ష కూడా ఇన్ఫెక్షన్‌లో ఎక్కువగా చూపిస్తుంది, దాన్ని ఒక్కదాన్నే చూసి ఇనుము బాగుంది అనీ అనుకోవద్దు. ఐరన్ అవసరమో కాదో డాక్టర్ తేల్చాలి, మనం షాపులో తేల్చుకునేది కాదు. ఎండీఆర్‌కి ఇచ్చే లినెజోలిడ్ అనే మందు వాడేవాళ్లకి రక్తం పడిపోతే అది ఎముకల మూలుగ మీద ఆ మందు ప్రభావం అయ్యుండొచ్చు, ఐరన్‌తో అది తగ్గదు, వెంటనే చెప్పాలి.

గర్భిణుల సంగతి వేరు. ఏఎన్ఎం, ఆశా వర్కర్ ఇచ్చే ఎర్ర ఐరన్ ఫోలిక్ బిళ్ల, కాల్షియం బిళ్లలు సొంతంగా ఆపకండి, టీబీ మందులతో గంటల తేడా ఎలా పెట్టాలో వాళ్లతోనే రాయించుకోండి.

కాళ్లు చేతులు తిమ్మిర్లెక్కుతుంటే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది కాల్షియం తక్కువేమో అని. టీబీ మందులు వాడేవాళ్లకి తిమ్మిర్లు, అరికాళ్ల మంటలు వస్తే ముందు అనుమానించాల్సింది ఐసోనియాజిడ్‌ని, ఎండీఆర్ అయితే లినెజోలిడ్‌ని. ఐసోనియాజిడ్ వల్ల వచ్చేదానికి పిరిడాక్సిన్, అంటే బి6 ఇస్తారు, షుగరు ఉన్నవాళ్లకి, గర్భిణులకి, మద్యం తాగేవాళ్లకి అయితే ముందునుంచే ఇస్తారు. అలాగే కీళ్లనొప్పులకి కాల్షియం కొంటారు, అది చాలాసార్లు పైరజినమైడ్ వల్ల యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చిన నొప్పి. నెలల తరబడి కాల్షియం మింగుతూ అసలు కారణం డాక్టరుకి చెప్పకపోతే నరాలు ఇంకా దెబ్బతింటాయి, ఇది నాకు బాగా బాధ కలిగించే విషయం.

వారానికొకటి వేసే 60,000 యూనిట్ల విటమిన్ డి సాచెట్ మీద కూడా ఒక మాట. టీబీ గడ్డల్లోని కణాలు విటమిన్ డి ని వాటంతటవే చురుకైన రూపంలోకి మార్చగలవు, దానివల్ల కొందరిలో రక్తంలో కాల్షియం పెరుగుతుంది. దానికి తోడు మనం సాచెట్లు, కాల్షియం బిళ్లలు సొంతంగా కలిపితే అతిదాహం, పదేపదే మూత్రం, మలబద్ధకం, వాంతులు, మగతలోకి దారితీయొచ్చు. పరీక్ష చేయించకుండా మొదలుపెట్టొద్దు.

ఎండీఆర్‌లో బెడాక్విలిన్, మోక్సిఫ్లాక్సాసిన్, క్లోఫాజిమిన్ వాడేవాళ్లకి మాత్రం పొటాషియం, మెగ్నీషియం నిజంగానే ముఖ్యం, ఈ మందులు గుండె లయ మీద ప్రభావం చూపుతాయి, ఆ రెండూ తగ్గితే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఈసీజీలు, రక్తపరీక్షలు చేస్తుంటారు, వాటిని ఎగ్గొట్టకండి. రెండు మూడు రోజులు వాంతులు, విరేచనాలు అయితే ఇంట్లో కూర్చోకుండా వెళ్లి చూపించండి. డాక్టర్ మెగ్నీషియం రాస్తే అది అవసరమై రాసినదే, మానేయకుండా మోక్సికి నాలుగు గంటల తర్వాత వేసుకోండి. ఓఆర్ఎస్‌లో ఉండేవి సోడియం, పొటాషియం, గ్లూకోజు, అది ఈ మందుల్ని పట్టుకోదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం కొబ్బరినీళ్లు, పొటాషియం సిరప్ అడక్కుండా తాగొద్దు.

టీబీ కాకుండా వేరే మొండి ఇన్ఫెక్షన్ అయినా లెక్క ఇదే. ఎముక ఇన్ఫెక్షన్‌కో ప్రోస్టేట్ ఇన్ఫెక్షన్‌కో సిప్రో వారాల తరబడి ఇస్తే, ఖనిజానికి రెండు గంటల ముందో ఆరు గంటల తర్వాతో సిప్రో వేయాలి. రోజుకి రెండుసార్లు, ఉదయం ఆరు, సాయంత్రం ఆరు అయితే ఖనిజాలకి మిగిలేది ఉదయమైనా రాత్రయినా ఎనిమిది నుంచి పన్నెండు మధ్యే. పశువుల దగ్గర పనిచేసేవాళ్లకి వచ్చే బ్రూసెల్లోసిస్‌కి డాక్సీసైక్లిన్ కనీసం ఆరు వారాలు ఇస్తారు. డాక్సీ పిత్తంతో పాటు మళ్లీ పేగులోకి వస్తుంటుంది కాబట్టి గంటల తేడా పెట్టినా ఐరన్ దాన్ని కొంత పట్టుకుంటుంది, కోర్సు అయ్యేదాకా ఐరన్ వాయిదా వేయొచ్చేమో డాక్టర్‌ని అడగండి. డాక్సీ వేశాక అరగంట పడుకోకూడదు, గ్లాసు నిండా నీళ్లు తాగాలి.

డబ్బు ఖర్చుపెట్టాలనుకుంటే తిండి మీద పెట్టండి. టీబీ రోగుల తిండి కోసం ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద ఇచ్చేది 2024 నవంబరు నుంచి నెలకి 1000 రూపాయలైంది, బ్యాంకు ఖాతా వివరాలు టీబీ సెంటర్లో ఇచ్చారో లేదో చూసుకోండి. జార్ఖండ్‌లో చేసి 2023లో ప్రచురించిన రేషన్స్ అధ్యయనంలో రోగులకి బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, వాటితో పాటు విటమిన్ బిళ్లలు ఇచ్చారు, మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవాళ్లలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. గుడ్లు, కందిపప్పు, వేరుశనగ, మునగాకు, వీటికి టానిక్ సీసాకి పెట్టినంత పెట్టినా ఎక్కువే వస్తాయి.

చివరిగా ఒకటి. పొరపాటున రెండూ కలిపి వేసేస్తే కంగారుపడి యాంటీబయోటిక్ ఇంకొకటి వేసుకోకండి. ఆ రోజుకి అంతే, మరుసటి రోజు మామూలు టైముకి వేసి, తేదీ రాసుకుని తర్వాతి విజిట్‌లో చెప్పండి. మాలాగా వారాల తరబడి అలా జరిగిందని ఇప్పుడే తెలిస్తే మాత్రం విజిట్ దాకా ఆగొద్దు, రేపే వెళ్లండి, కళ్లె పరీక్ష మళ్లీ చేయాలో లేదో వాళ్లు చూస్తారు. మా తమ్ముడికి అలాగే చేశారు.